కుండీకి, నేమ్ బోర్డుకి ఏ గమ్, ఏ గ్రౌట్: వైజాగ్‌లో నేను నేర్చుకున్నది

మీరు మొదటిసారి మొజాయిక్ చేస్తున్నారు. పగిలిన టైల్ ముక్కలతో రెండు మట్టి కుండీలు, గుమ్మం పక్కన ఒక నేమ్ బోర్డు. షాపులో ఒకరు తెల్ల గమ్ చాలన్నారు, ఇంకొకరు సిమెంటుదే వాడమన్నారు, గ్రౌట్ (ముక్కల మధ్య సందులు నింపేది) బదులు వైట్ సిమెంట్ పూస్తే సరిపోతుందా అని కూడా మీరు అడిగారు. నేను లాసన్స్ బే కాలనీలో ఉంటాను, ఆరేళ్లుగా ఈ పని చేస్తున్నాను. మీ రెండు వస్తువులూ నేను చేసినవే, మొదటిది పాడుచేసుకున్నాను కూడా.

గమ్ పేరు అడిగే ముందు ఆ వస్తువు ఎక్కడ ఉండబోతోందో తేల్చుకోండి. దాని మీద నీళ్ళు పడతాయా, వాన జల్లు కొడుతుందా? మన ఊళ్ళో వాన పడకపోయినా సముద్రపు గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది. ఉతికిన బట్టలు ఆరడానికి ఎంతసేపు పడుతుందో మీకు తెలిసిందే.

నా మొదటి పని నేమ్ బోర్డే. ఎం.డి.ఎఫ్. చెక్క (చెక్క పొడిని నొక్కి చేసిన పలక) మీద తెల్ల చెక్క గమ్‌తో ముక్కలు అతికించి, జూన్‌లో వరండాలో తగిలించాను. ఆగస్టులో ఒక ముక్క రాలింది. తర్వాత రోజుకొకటి. మా అత్తయ్య ఊడ్చినప్పుడల్లా దొరికిన ముక్కల్ని ఒక గిన్నెలో వేసి దాచిపెట్టేవారు. బోర్డు దింపి చూస్తే, అద్దంలా ఆరిన గమ్ కాస్తా మళ్ళీ పాలలా తెల్లబడి ఉంది. గోటితో గీకితే జున్నులా వచ్చేసింది. చెక్క అంచులు తడిసిన అట్టలా ఉబ్బిపోయాయి.

కారణం తర్వాత అర్థమైంది. తెల్ల గమ్ గట్టిపడేది దానిలోని నీరు బయటికి పోవడం వల్ల. మళ్ళీ నీరు తగిలితే మళ్ళీ మెత్తబడుతుంది. అందుకే ఇంట్లో పొడిగా ఉండే చెక్క ట్రేకి, ఫోటో ఫ్రేముకి ఫెవికాల్ లాంటిది హాయిగా సరిపోతుంది. బయట పెట్టే దానికి, నీళ్ళు పోసే దానికి పనికిరాదు. గాజు సీసా మీద గాజు ముక్కలు అతికించినా ఇబ్బందే. రెండు వైపులా గాజే అయితే ఆ నీరు పోవడానికి దారి ఉండదు, లోపల ఎన్నాళ్లైనా పచ్చిగానే ఉంటుంది. అక్కడ పారదర్శకంగా ఉండే సిలికాన్ వాడండి, కిటికీలు తీసి ఉంచి.

మీ కుండీలకి మాత్రం సిమెంటు రకం టైల్ అడెసివ్ (టైల్స్ అతికించే మందు) వాడండి. ఇది ఆరి గట్టిపడేది కాదు, నీటితో కలిసి జరిగే రసాయన చర్య వల్ల గట్టిపడేది. అందుకే తర్వాత తడిసినా వదలదు. పాలిమర్ కలిసినదే అడగండి. సాధారణంగా 20 కిలోల బస్తా వస్తుంది, మీకు రెండు కిలోలు కూడా పట్టదు. దగ్గర్లో టైల్స్ పని జరుగుతున్న ఇల్లుంటే మేస్త్రీ గారిని అడగండి, కొంచెం ఇస్తారు. అయితే బస్తా విప్పి ఎన్నాళ్లైందో తప్పకుండా కనుక్కోండి. మన తేమకి గుండ గడ్డకడుతుంది. గడ్డలు తగిలితే, వేళ్ళతో నలిపి వాడదామనుకోవద్దు, వదిలేయండి.

ముందు నీళ్ళు పోసి, అందులో గుండ వేసి, గారెల పిండిలా కలపండి. పది నిమిషాలు వదిలి మళ్ళీ కలపండి. ఎండాకాలం ఒక్కసారికి చిన్న గిన్నెడే కలుపుకోండి. పైన పొర కట్టి వేలికి అంటకపోతే దాని పని అయిపోయినట్టే, నీళ్ళు పోసి బతికించవద్దు. ముక్క వెనక పూసి నొక్కినప్పుడు, అడెసివ్ సందులోంచి పైకి ఉబికితే వెంటనే పుల్లతో గీకేయండి. అది అక్కడే గట్టిపడితే గ్రౌట్‌కి చోటుండదు.

మట్టి కుండీలో ఇంకో చిక్కుంది. మా తులసి కోటకి ముక్కలు బాగానే నిలిచాయి కానీ, మూడు నెలలకి గ్రౌట్ మీద తెల్లటి ఉప్పు పూత వచ్చింది. లోపలి మట్టిలోని నీరు కుండీ గోడలోంచి బయటికి వస్తూ లవణాలు తెచ్చిందన్నమాట. ఇప్పుడు నేను కుండీ లోపల ముందే వాటర్‌ప్రూఫ్ పూత వేసి పూర్తిగా ఆరనిస్తాను. బయటివైపు మాత్రం అతికించే ముందు తడిగుడ్డతో తుడుస్తాను, లేకపోతే పొడి మట్టి అడెసివ్‌లోని నీటిని పీల్చేస్తుంది.

ఇక గ్రౌట్. ఇది అతికించే మందు కాదు, సందులు నింపేది. వదులుగా ఉన్న ముక్కని గ్రౌట్ పట్టి ఉంచుతుందని ఆశపడవద్దు. వైట్ సిమెంట్ ఒక్కటే పూస్తే సన్న పగుళ్ళు వస్తాయి, తర్వాత గుండలా రాలుతుంది. షాపులో టైల్ గ్రౌట్ అనే అడగండి. సందు 3 మిల్లీమీటర్ల లోపు ఉంటే ఇసుక లేని మెత్తని రకం, అంతకు మించితే ఇసుక కలిసినది. రంగుకి నా ఓటు ముదురు బూడిద. ముక్కల రంగులు తేలి కనిపిస్తాయి, కుండీ మట్టి మరకలూ తెలియవు.

ముక్కలు అతికించాక ఒక రోజు ఆగండి. గ్రౌట్‌ని ముద్దపప్పులా కలిపి, గ్లవ్స్ వేసుకుని సందుల్లోకి గట్టిగా నొక్కండి. నీళ్ళు ఎక్కువ పోస్తే కలపడం తేలికే కానీ, ఆరాక బలం ఉండదు, రంగు మచ్చలు మచ్చలుగా వస్తుంది. పదిహేను, ఇరవై నిమిషాల తర్వాత బాగా పిండిన స్పాంజ్‌తో అడ్డంగా తుడవండి. సందు వెంబడి తుడిస్తే గ్రౌట్ లేచి వస్తుంది. ముక్కల మీద మిగిలిన తెల్లటి మసక పాత నూలు గుడ్డతో రుద్దితే పోతుంది. తర్వాత రెండు మూడు రోజులు తడిగుడ్డ కప్పి, ఎండ తగలకుండా, ఫ్యాన్ కిందా పెట్టకుండా ఉంచండి. ఆ స్పాంజ్ కడిగిన నీళ్ళు సింకులో పోయకండి, పైపులోనే గట్టిపడతాయి. బకెట్లో తేరనిచ్చి, అడుగున ఉన్నది చెత్తలో వేయండి.

టైల్ పగలగొట్టేటప్పుడు గోనెసంచిలో చుట్టండి, కళ్ళద్దాలు పెట్టుకోండి. సిమెంటు గుండ కలిపేటప్పుడు మాస్క్ తప్పనిసరి.

నేమ్ బోర్డుకి ఎం.డి.ఎఫ్. వద్దు. సిమెంట్ బోర్డు ముక్క కోయించుకుని, కుండీలకి వాడిన అడెసివే వాడండి. తగిలించే కన్నాలు ముక్కలు అతికించక ముందే వేయించండి, తర్వాత డ్రిల్లు పెడితే అదురుకి ముక్కలు వదులుతాయి. ముక్కలు అతికించాక, గ్రౌట్ కొనే ముందు, సందుల పక్కన స్కేలు పెట్టి ఒక ఫోటో పంపండి. ఏ రకం కొనాలో చెప్తాను.