'ఐపీ పెడతా' అంటున్నాడు, మా డిక్రీ డబ్బు పోయినట్టేనా?

ప్రశ్న: న్యూజెర్సీలో మా అక్క గైనిక్ క్లినిక్ లెక్కలు నేనే చూస్తాను. అబార్షన్లు చేస్తున్నారని ఒకాయన గుమ్మానికి అడ్డంగా కూర్చుని పేషెంట్లను రానివ్వలేదు, కోర్టు ఆర్డరిచ్చాక కూడా వచ్చాడు. నష్టపరిహారం కేసు గెలిచాం. ఇప్పుడు దివాలా తీస్తానంటున్నాడు. ఇలాంటి బాకీలు ఎగ్గొట్టకుండా తెచ్చిన సవరణ 2005లో ఓడిపోయిందని చదివాను. ఇక మాకు దిక్కేంటి?

జవాబు: అంత టెన్షన్ వద్దమ్మా. సవరణ ఓడిపోయింది నిజమే, కానీ మీ డబ్బు దానితో పాటు పోలేదు.

1998లో అబార్షన్ క్లినిక్‌లకు అడ్డుపడే ఆపరేషన్ రెస్క్యూ అనే సంస్థ స్థాపకుడు రాండల్ టెర్రీ, కోర్టు కట్టమన్న డబ్బు నెత్తిన ఉండగానే దివాలా పిటిషన్ వేశాడు. ఈ దారి మూసేయాలని సెనేటర్ చక్ షూమర్, బ్యాంకులూ క్రెడిట్ కార్డు కంపెనీలూ ఎప్పట్నుంచో అడుగుతున్న దివాలా బిల్లులో ఒక క్లాజు పెట్టించాడు. 2000లో సెనేట్ 80–17తో ఒప్పుకుంది. 2002లో అబార్షన్ వ్యతిరేకి హెన్రీ హైడ్‌తో రాజీ కుదిరినా, ఆయన పక్షం వాళ్లే అడ్డం తిరిగి ప్రతినిధుల సభలో 243–172తో పడగొట్టారు. కార్డు బాకీల బిల్లు క్లినిక్ గుమ్మం దగ్గర ఇరుక్కుపోవడం చూస్తే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. చివరికి 2005 మార్చిలో ఆ క్లాజును మళ్లీ చేర్చే సవరణను సెనేట్ 53–46తో తిరస్కరించింది, బిల్లు మాత్రం హాయిగా పాసై ఏప్రిల్ 20న బుష్ సంతకం పడింది.

అసలు విషయానికొస్తే, కావాలని దురుద్దేశంతో చేసిన హాని తాలూకు బాకీ చాప్టర్ 7లో (ఉన్న ఆస్తి అమ్మి, మిగిలిన బాకీలు రద్దు చేసే దివాలాలో) రద్దు కాదని దివాలా చట్టం 523వ సెక్షన్ ముందునుంచీ చెబుతోంది. చిక్కల్లా 'కావాలని' అన్న మాట దగ్గరే. పని కావాలని చేస్తే చాలదు, హాని జరగాలనే చేసి ఉండాలని అమెరికా సుప్రీంకోర్టు 1998లో ఒక డాక్టరు కేసులోనే తేల్చింది. మీవాడు "నేను ప్రార్థన చేసుకోడానికి వచ్చాను, ఎవరికీ హాని తలపెట్టలేదు" అంటాడు, చూస్తుండండి. కానీ కోర్టు గీత గీసి చూపించాక తెలిసీ దాటితే అది కావాలని చేసిన హానే అని 1999లో బఫెలో దివాలా కోర్టు ఇలాంటి కేసులోనే అంది. ఆ తీర్పుకు న్యూజెర్సీ జడ్జి కట్టుబడాలని లేదు గానీ మీకు గట్టి ఆధారం. అందుకే ఆ ఆర్డరు కాపీ, అది అతనికి అందినట్టు రుజువు, ఆ రోజు వెనక్కి తిరిగిపోయిన అపాయింట్‌మెంట్ల రిజిస్టరు ఇప్పుడే తీసి దగ్గర పెట్టుకోండి. క్లినిక్ దారికి అడ్డుపడకూడదనే ఫేస్ (FACE) చట్టం కింద ఉల్లంఘనకు 5,000 డాలర్ల లెక్కన తీసుకుని ఉంటే, అసలు నష్టమేదీ జరగలేదని అవతలి లాయరు వాదించవచ్చు, అప్పుడు రిజిస్టరే దిక్కు.

అతను చాప్టర్ 13కి, అంటే వాయిదాల్లో కట్టే దివాలాకి, వెళితే మాత్రం ఆట మారుతుంది. అక్కడ ఈ రక్షణ ఒంటికి గాయమైనప్పుడో ప్రాణం పోయినప్పుడో తప్ప పనిచేయదు, గుమ్మం మూసినందుకు వచ్చిన డిక్రీ వాయిదాల ప్లాన్ పూర్తయ్యాక రద్దయిపోవచ్చు. అప్పుడు దురుద్దేశంతో వేసిన పిటిషన్ అని మొదట్లోనే అభ్యంతరం చెప్పాలి.

ఇంకొకటి, చాప్టర్ 7లో రద్దు కాకపోవడం దానంతటది జరగదు, మీరే దివాలా కోర్టులో విడిగా దావా వేయాలి. అప్పు రావాల్సినవాళ్ల మీటింగ్‌కి మొదట వేసిన తేదీ నుంచి 60 రోజులే గడువు. మీటింగ్ వాయిదా పడినా లెక్క మొదటి తేదీ నుంచే, కాబట్టి కోర్టు నోటీసు రాగానే ఆ తేదీ క్యాలెండర్‌లో రాసి, అదే రోజు అక్కడి దివాలా లాయర్‌కి పంపండి.