అమ్మలూ, అడ్వాన్సు ఇప్పుడే పంపకు

బరంపురం

అమ్మలూ,

నువ్వు పంపిన మూడు నిమిషాల వీడియో చూశాను. బాగుంది. పొగ ఉంది, డ్రోన్ ఉంది, గోపాల్‌పూర్ సముద్రం ఉంది, పెళ్లికూతురు మెల్లగా తల తిప్పి నవ్వడం ఉంది. ఆ పిల్ల ఎవరి కూతురో, వాళ్లింట్లో ఏ భాష మాట్లాడతారో, పెళ్లిలో ఎవరు ఎందుకు ఏడ్చారో మాత్రం ఎన్నిసార్లు చూసినా తెలియలేదు. మీ పెళ్లికి కూడా ఆ వీడియో తీసినతన్నే కుదిర్చి అడ్వాన్సు పంపబోతున్నావని అక్క చెప్పగానే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఫోనులో చెబితే "సరే మామయ్యా, సరే మామయ్యా" అంటూ నీ పని నువ్వు చేసుకుంటావు. కాగితం మీద ఉంటే కనీసం పెళ్లికొడుకైనా చదువుతాడు. అతనికి తెలుగు అక్షరాలు వచ్చేశాయి కదా.

మన ఊళ్లోనే, ఇటు తెలుగు పద్ధతిలో, అటు ఒడియా పద్ధతిలో పెళ్లి చేసుకుంటామని మీరిద్దరూ పట్టుబట్టారని విని పొంగిపోయాను. 1936లో గంజాం మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలిసినప్పుడు కదలకుండా ఇక్కడే ఉండిపోయిన కుటుంబం మనది. ఇన్నేళ్లకు మన గడపలోకి ఒడియా అల్లుడు వస్తున్నాడు. ఆ సంతోషం రాత్రంతా నిలిచింది. తెల్లవారేసరికి భయం పట్టుకుంది. రెండు పద్ధతులూ తెలిసిన కెమెరా మనిషి దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఇచ్ఛాపురం నుంచి పర్లాకిమిడి దాకా భుజం మీద కెమెరా మోసుకుని తిరిగినవాణ్ణి.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. బేరం కాగితం మీద పెట్టించు. పెళ్లికి స్వయంగా ఎవరు వస్తారో అందులో రాయించు. సీజనులో ఒకే రాత్రికి మూడు పెళ్లిళ్లు ఒప్పుకుని కుర్రాళ్లను పంపేవాళ్లున్నారు. డబ్బులో చివరి వాయిదా వీడియో చేతికొచ్చాకే.

ఇక నీకు తెలియనిది మీ అమ్మ పెళ్లి క్యాసెట్టు సంగతి.

చూశానుగా అంటావు. చూశావు, చిన్నప్పటి నుంచీ చూసి నవ్వుకున్నావు. తిరిగే గులాబీలు, హృదయం బొమ్మలో మీ నాన్న ముఖం, అన్నీ నీకు కంఠతా వచ్చు. అందులో జీలకర్రా బెల్లం లేదని ఎప్పుడైనా గమనించావా?

1994 వేసవిలో జరిగిన పెళ్లి. అంతకుముందు మన వీధిలో వీడియో తీయించింది ఎదురింటివాళ్లే. తాతయ్య ఆ క్యాసెట్టు చూసి అదే మనిషిని కుదిర్చారు. అతను పని రానివాడు కాదు. ఒడియా పెళ్లిళ్లు తీయడంలో పేరున్నవాడు. తెలుగు పెళ్లి ఎప్పుడైనా తీశావా అని మనవాళ్లు అడగలేదు, తీయలేదని అతను చెప్పలేదు. ఒడియా పెళ్లికి ఆయువుపట్టు హాతగంఠి, ఇద్దరి చేతులూ కలిపి దర్భతో కట్టడం. అతను దానికోసం కాచుకుని కూర్చున్నాడు. మనకు సుముహూర్తమంటే అడ్డుతెరకు అటొకరూ ఇటొకరూ కూర్చుని ఒకరి తలమీద ఒకరు జీలకర్రా బెల్లం పెట్టే క్షణం. పంతులుగారు ఆ వేళకు గడియారం చూస్తారు గానీ కెమెరా సిద్ధంగా ఉందో లేదో చూడరు. మూడు గంటల క్యాసెట్టు ఎదుర్కోలుకూ విడిదికీ భోజనాల బంతికీ దాదాపు అయిపోయింది. తెర పట్టుకోవడం చూసి ఇదేదో చిన్న తంతు అనుకున్నాడు. ఈలోగా క్యాసెట్టు మార్చుకుందామని హాలోజన్ లైటు ఆర్పించాడు. గట్టిమేళం మోగింది. మళ్లీ లైటు వెలిగేసరికి తెర దిగిపోయింది, మీ అమ్మా నాన్నా ఒకరినొకరు చూసేసుకున్నారు. క్యాసెట్టులో ఆ చోట ఉన్నది కల్యాణ మండపం సీలింగు ఫ్యాను.

అది ఒక్కటే అయితే పోనీలే అనుకునేవాళ్లం. తాతయ్యను నువ్వు చూడలేదు. పట్టు చీరల వ్యాపారం చేస్తూ కూడా మాట పొదుపుగా వాడిన మనిషి. అలాంటాయన అప్పగింతల్లో, పాలలో ముంచిన మీ అమ్మ చేతులు వియ్యపురాలి చేతుల్లో పెట్టి, చాలాసేపు మాట్లాడారు. సన్నాయి హోరులో పక్కనున్న నాకే సగం వినబడలేదు. కెమెరా మైకు ఆయన ముఖానికి దగ్గరగా ఉంది, దానికి వినబడే ఉంటుంది. కానీ ఎడిటింగులో ఆ ధ్వనంతా తీసేసి సినిమా పాట వేశాడు. అసలు క్యాసెట్టు ఇమ్మని అడగడానికి వెళ్లేసరికి దానిమీద ఇంకెవరిదో పెళ్లి తీసేశాడు. తాతయ్య పెదాలు కదులుతుంటాయి, పాట వస్తుంటుంది. ఆ వెంటనే సారె సామాను: బిందెలు, కుక్కరు, బీరువా, ఒక్కొక్కటీ దగ్గరగా, తీరిగ్గా. అది మనవాళ్లు అడిగి తీయించుకున్నదేలే, అందులో అతని తప్పు లేదు.

తాతయ్య గొంతు ఇంకెక్కడా లేదు. రేడియోలో ఆ పాట వస్తే మీ అమ్మ లేచి వెళ్లి కట్టేస్తుంది చూశావా, కారణం నీకెప్పుడూ చెప్పి ఉండదు. నేను ఈ పనిలోకి దిగింది కూడా ఆ కోపంతోనే.

కాబట్టి నువ్వు చూసుకున్న ఆ కెమెరా మనిషిని మూడు నిమిషాల ముక్క కాదు, ఒక పెళ్లి మొత్తం చూపించమను. ఆ పెళ్లివాళ్ల అనుమతి తీసుకునే చూపించాలి, అలా అనుమతి అడిగేవాడైతే ఇంకా మంచిది. తిన్నగా అప్పగింతల దగ్గరికి వెళ్లు. మాటలు వినబడుతున్నాయా, పాట వినబడుతోందా? తర్వాత సుముహూర్తం విను. డోలూ సన్నాయీ ఒక్కసారిగా ఎత్తుకున్నప్పుడు శబ్దం పగిలిపోతే రికార్డింగు మట్టం ముందుగా తగ్గించుకోలేదన్నమాట. మీ పెళ్లిలో సరిగ్గా అప్పుడే అబ్బాయి తరఫు ఆడవాళ్ల హుళుహుళి, అదే నాలుక ఆడిస్తూ చేసే మంగళధ్వని, కూడా లేస్తుంది. పంతులుగారి ఉత్తరీయానికి ఒక చిన్న మైకు, మీ నాన్న లాల్చీకి ఒకటి, వాటికి వేరే రికార్డరు పెట్టమను. నాన్న వద్దంటాడు. వినకు. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక కెమెరా షట్టరు వేగం సెకనులో 1/50 వంతు దగ్గరో 1/100 వంతు దగ్గరో ఉంచకపోతే అలంకరణ లైట్లు అదురుతాయి. బొమ్మ మీద నల్లని పట్టీలు పాకుతున్నాయంటే అతనికి ఈ సంగతి తెలియనట్టే.

పెళ్లికి ముందురోజు మన పంతులుగారినీ, వాళ్ల పురోహితుడినీ, కెమెరా మనిషినీ ఒకచోట కూర్చోబెట్టి తంతుల వరుస రాయించు. కాఫీలు నేను పోయిస్తాను. హాతగంఠి అయ్యాక మీ తమ్ముడు పెళ్లికొడుకు వీపు మీద గుద్దాలి, శళాబిధా అంటారు. మనవాడికి ఆ సంగతి చెప్పినప్పటి నుంచీ చేతులు ఊరుకోవడం లేదు. అది రెప్పపాటులో అయిపోతుంది. ఇంకొకటి, వాళ్లలో చాలా ఇళ్లలో వరుడి తల్లి వేదిక దగ్గరకు రాదు. అబ్బాయిని అడుగు. ఆవిడ ఇంట్లోనే ఉండిపోయేటట్టయితే, ఆ సమయంలో ఆవిడ దగ్గర కూడా ఒక కెమెరా ఉండాలి. ఒక్కడే వచ్చి అన్నీ తీసేస్తానంటే నమ్మకు.

గోపాల్‌పూర్‌లో పెళ్లికి ముందు తీయించుకుంటామన్న వీడియో గురించి నాకు పెద్దగా అభిప్రాయం లేదు. ఉందిలే, కానీ చెబితే ముసలాడి చాదస్తం అంటావు. అక్కడ సైన్యం వాయు రక్షణ కళాశాల ఉంది, అడగకుండా డ్రోన్ ఎగరేస్తే చిక్కు. 2021 నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను డబ్బు తీసుకుని ఎగరేసేవాడికి పైలటు సర్టిఫికెట్ ఉండాలి. చూపించమను. వేదిక మీద నిప్పురవ్వలు చిమ్మే యంత్రాలు మాత్రం వద్దే వద్దు. ఆ రవ్వలు కాల్చవు అని వాళ్లు ఎంత చెప్పినా సరే. నువ్వు కట్టుకునేది అమ్మమ్మ బరంపురం పట్టు. హాలోజన్ లైటు తగిలి పందిరి గుడ్డ అంటుకోవడం నేను కళ్లారా చూశాను, అప్పటి నుంచీ పెళ్లి పందిట్లో నాకు అన్నం సహించదు.

ఆ డ్రోను డబ్బుతో చేయాల్సిన పని ఒకటుంది. అబ్బాయి మనింటికి రావడం మొదలుపెట్టినప్పుడు అమ్మమ్మ అతనితో ఒడియాలోనే మాట్లాడేది, అతనికి ఇబ్బంది కాకూడదని. అతను అమ్మమ్మకు ఇబ్బంది కాకూడదని తెలుగులో జవాబు చెప్పేవాడు. ఇప్పటికీ అలాగే నడుస్తోంది. ఆవిడ "ఖాఇలు కి?" అని అడుగుతుంది, అతను "తిన్నానండి అమ్మమ్మగారూ" అంటాడు, ఇద్దరూ ఎదుటివాళ్ల భాషను ఖూనీ చేస్తూ గంటల తరబడి కూరగాయల ధరలు మాట్లాడుకుంటారు. నీ పెళ్లి ఖాయమైంది ఆ అరుగు మీదే, నువ్వేదో నీ వల్ల అయిందనుకుంటున్నావు. ఒక సాయంత్రం కెమెరా మనిషిని ఆ అరుగు మీదికి పంపు. లైట్లు వద్దు, ఇలా చూడండి అలా నవ్వండి అనడాలు వద్దు. వంకాయలు తెచ్చి మధ్యలో పెట్టి ఊరుకోమను. అతను అక్కడ విసుగు లేకుండా కూర్చోగలిగితే, తెలుగూ ఒడియా రెండూ అర్థమైతే, నేను చెప్పినవాటిలో సగం రాకపోయినా కుదుర్చుకో. అమ్మమ్మకు మంగళహారతులు ఎన్ని వచ్చో కూడా అడగమను. పెళ్లిరోజు వరకూ ఆగకు. ఆవిడకు శీతకాలం పడటం లేదు.

తీసినదంతా, కత్తిరించనిదంతా, నీకు ఇచ్చేలా ఒప్పందంలో ఉండాలి. 4కేలో సెకనుకు 100 మెగాబిట్ల లెక్కన తీస్తే గంటకు 45 జీబీ అవుతుంది, ఆ పేరు చెప్పి చెరిపేస్తారు. డిస్కులు మనమే కొనిద్దాం. ఒకటి నీ దగ్గర, ఒకటి నా దగ్గర. అక్క క్యాసెట్టు కూడా బీరువాలో బూజు పట్టకముందే కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ఈసారి వచ్చినప్పుడు తెచ్చిపెట్టు, ఎందుకని ఆవిడ అడిగితే నా పేరు చెప్పు.

అసలు నేనే తీసేవాణ్ణి. కానీ నిన్ను బుట్టలో కూర్చోబెట్టి మోసుకు రావాల్సిన మేనమామను నేనే కదా, రెండు చేతులూ దానికే సరిపోతాయి. ఆ రోజుకు మోకాలు సహకరించాలని రోజూ నడుస్తున్నాను. నువ్వు కూడా పెళ్లయ్యేదాకా ఆ రాత్రిపూట బిర్యానీలు కాస్త తగ్గించు.

ఆదివారం లోపు అతని పూర్తి పెళ్లి వీడియో పెన్ డ్రైవులో వేసి తమ్ముడితో పంపు. చూసి ఫోను చేస్తాను.

నీ మామయ్య