కార్న్ ఫ్లోర్ ప్లాస్టిక్ షీట్ ఎండాక పగులుతోంది, మట్టిలో కలిసిపోతుందని ఎట్ల చూపించాలి?

తమ్ముడూ, నేను అనంతపురంలో డిగ్రీ పిల్లలతో ఈ ప్రాజెక్టు చేయిస్తుంటా కాబట్టి చెప్తున్నా. మిద్దె మీద ఎండలో ఆరబెట్టినా అన్నావు చూడు, అదే అసలు తంటా. ఈడ ఏప్రిల్ ఎండకి పైన ఎండిపోయి ముడుచుకుంటుంది, లోపల ఇంకా తడే, అప్పడం మాదిరి అంచులు లేచి మధ్యలో చీలుతుంది. నీడలో పల్చని గుడ్డ కప్పి నిదానంగా ఆరనీ.

షీటు పగలకుండా మెత్తగా వంగేట్టు చేసే గ్లిజరిన్ కూడా తక్కువేసినట్టుండావు. 10 గ్రాముల పిండికి 100 మి.లీ. నీళ్లు, 3-4 మి.లీ. గ్లిజరిన్ (మెడికల్ షాపులో దొరికేదే), ఒక చెంచా వెనిగర్ వేసి సన్నమంట మీద తిప్పుతానే ఉండు, పాలలాంటి తెలుపు పోయి అద్దంలా తేటపడి గరిటెకి పట్టుకుంటే దించేయ్. పిండి తెల్లగా ఉండే కార్న్ ఫ్లోరే కావాల, పచ్చగా ఉండే మొక్కజొన్న పిండి పనికిరాదు. గ్లిజరిన్ మరీ ఎక్కువైతే వానాకాలంలో చేతికి జిగటగా అంటుకుంటుంది.

బలం చూడ్డానికి మిషన్లేం అక్కర్లేదు. 2 సెం.మీ. వెడల్పు ముక్క కోసి పైన ఒక క్లిప్పు, కింద ఒక క్లిప్పు పెట్టి కింద దానికి కవర్ తగిలించి సిరంజితో నీళ్లు పోస్తా పో, తెగినప్పుడు ఎన్ని మి.లీ. ఉంటే అన్ని గ్రాములు, క్లిప్పు కవర్ బరువు కలుపుకో.

ఇంక మట్టి. మన ఎర్రమట్టి పొడిగా ఉంటే దాంట్లో ఏమీ జరగదు, పేడ ఎరువు కలిపి రోజూ నీళ్లు చిలకరించాల. ముక్కని ముందే తూకం వేసి నైలాన్ వల సంచిలో పెట్టి పూడ్చు, లేకుంటే తర్వాత ఏరుకోలేవు. పక్కనే ఒక న్యూస్‌పేపర్ ముక్క, ఒక పాలిథీన్ ముక్క కూడా పూడ్చు, పోల్చడానికి. చానామంది ప్రాజెక్టు చూసే జడ్జి దగ్గర దొరికిపోయేది ఎక్కడంటే, మొదట్లో బరువు తగ్గేది మట్టిలోని సూక్ష్మజీవులు తిన్నందుకు కాదు, గ్లిజరిన్ నీళ్లలో కారిపోయినందుకు. అందుకే ఇంకో ముక్కని ఉత్త నీళ్లలో రాత్రంతా నానబెట్టి, ఆరబెట్టి తూకం వేసి, ఆ తగ్గుదల తీసేసి లెక్క చెప్పు.

చార్టు మీద మాత్రం "క్యారీ బ్యాగుకి బదులు" అని రాయొద్దు, నీళ్లు తగిలితే ఇది మెత్తబడిపోతుంది. బజార్లో కంపోస్టబుల్ అని అమ్మే కవర్లలో ఉత్త పిండే ఉండదు, పీబీఏటీ, పీఎల్ఏ లాంటి కంపోస్టులో కుళ్లిపోయే ప్లాస్టిక్‌లు కలుపుతారు. "విత్తనాల పొట్లానికి పైతొడుగు" అని రాసుకో, అది నమ్మేటట్టుంటుంది. ఆరినాక ఫోటో పెట్టు, అంచులు చూసి చెప్తా.