మళ్లీ మళ్లీ పొక్కులు.. ముందుంది పెళ్లి!

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. మర్మావయవం దగ్గర నీటి పొక్కులు లేచి, చితికి, మంటపెట్టి వారంలో మానుతున్నాయి. పరీక్ష చేసి హెర్పిస్ అన్నారు. దాదాపు నెలనెలా వస్తోంది. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీమే రాస్తున్నాను. మాఘంలో పెళ్లి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు ఆ క్రీము ఆపండి. మా దగ్గరికి వచ్చేవాళ్లు జేబులోంచి తీసి చూపించే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, పుండు ఇంకా ముదురుతుంది. పైగా ఈ హెర్పిస్ వైరస్ నడుము కింది నరాల మొదళ్లలో దాక్కుంటుంది. పైపూత అక్కడికి చేరదు.

పొక్కు లేవడానికి ముందు అక్కడ చిమచిమలాడటం, తొడల్లో లాగడం గమనించారా? వైరస్‌ను అణిచే మాత్ర మొదలుపెట్టాల్సింది అప్పుడే. ఆలస్యమైతే పెద్దగా ఫలితం ఉండదు. అయితే నెలనెలా వస్తోందంటున్నారు కాబట్టి, మీకు రోజూ వేసుకునే పద్ధతే మేలని నా అభిప్రాయం. మామూలుగా ఎసైక్లోవిర్ 400 మి.గ్రా. రోజుకు రెండుసార్లు ఇస్తాం. చాలామందిలో పొక్కులు బాగా తగ్గిపోతాయి. కిడ్నీ సమస్య ఉంటే మోతాదు మారుతుంది కాబట్టి సొంతంగా కొనుక్కోవద్దు. జిల్లా ఆసుపత్రుల్లో సుఖవ్యాధులకు చికిత్స చేసే సురక్షా క్లినిక్‌లో గుట్టుగానే చూస్తారు. హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలూ అక్కడే చేయించుకోండి.

పెళ్లి మానక్కర్లేదు, కానీ అమ్మాయికి ముందే చెప్పండి. పొక్కులున్నప్పుడు కలవకూడదు. లేనప్పుడు కూడా వైరస్ అంటవచ్చు, కండోమ్ వాడితే ఆ ముప్పు తగ్గుతుంది. రేపు ఆమె గర్భవతి అయితే డాక్టరుకు మొదటి విజిట్‌లోనే మీ విషయం చెప్పండి.