బావ పికప్‌ని బాగుచేయబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీర్వదించి రాసేది.

నువ్వు పంపిన ఫొటోలు రాత్రి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. పెరట్లో రేకుల షెడ్డు కింద ఆరేళ్ళుగా కదలకుండా ఉన్న మీ నాన్న టాటా మొబైల్‌ని నీ చేతులతో బాగుచేసుకుంటానన్నావు చూడు, ఆ మాట విని నాకు కళ్ళు చెమర్చాయి. విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్ళు పానాలు పట్టిన చేతులు నావి. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని కాగితం మీద పెడుతున్నాను. షెడ్డులో గోడకి అతికించుకో.

అన్నిటికంటే ముందు ఒక్క మాట. బండి మొత్తం ఒకేసారి విప్పొద్దు. మొదటి ఆదివారం ఊపులో తలుపులు, బానెట్టు, సీట్లు, ఇంజిను అన్నీ పీకి వరసగా పెట్టాలనిపిస్తుంది. విప్పడానికి మూడు రోజులు చాలు, బిగించడానికి ఏళ్ళు పడుతుంది. 1986లో నేనొక పాత జీపు కొని ఛాసీ దాకా, అంటే అడుగున బండిని మోసే ఇనుప చట్రం దాకా విప్పేశాను. ఇంతలో మీ అమ్మ పెళ్ళి పనులొచ్చాయి, ఆ తర్వాత వానలొచ్చాయి, సామాను ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారింది. ఏ బోల్టు ఎక్కడిదో చివరికి నాకే తెలియలేదు. నాలుగేళ్ళ తర్వాత పాత ఇనుము కింద తూకానికి ఇచ్చేశాను. కాటా మీద ముందు అద్దం ఫ్రేము పెట్టినప్పుడు నేను పక్కకి తిరిగి నిలబడ్డాను. అది ఈరోజుకీ నన్ను బాధపెడుతుంది. అందుకే నీకు ఇంత గట్టిగా చెబుతున్నాను. ఒక భాగం విప్పు, దాన్ని పూర్తిగా బాగుచేసి బిగించు, ఆ తర్వాతే ఇంకో దాని మీద చెయ్యి వెయ్యి. బండి ఎప్పుడూ బండిలాగే ఉండాలి. నెలకొక్కసారైనా షెడ్డులోంచి బయటకి తోసేటట్టుంటే నీకు ఓపిక తగ్గదు.

విప్పిన ప్రతిదానికీ ముందు ఫొటో తియ్యి. నట్టు తీశాక దాన్ని మళ్ళీ దాని బోల్టుకే రెండు చుట్లు ఎక్కించి పెట్టు. ఖాళీ పచ్చడి సీసాలు మీ అమ్మని అడిగి తీసుకుని ఒక్కోదాని మీద పేరు రాసిన కాగితం అంటించు. పాడైన పాత సామాను పని పూర్తయ్యేదాకా పారేయకు. షాపుకి వెళ్ళినప్పుడు పేరు చెప్పడం కంటే ఆ ముక్క బల్ల మీద పెట్టడం మేలు.

ఇక కాగితాల సంగతి. ఇది సరుకు బండి, పసుపు ప్లేటుది. ఇంత పాత బండికి ఏటేటా ఫిట్‌నెస్ చేయించాలి. ఆర్‌సీ మీ నాన్న పేరు మీదే ఉంది కాబట్టి ముందు దాన్ని నీ పేరుకి మార్పించుకో. ట్యాక్సు బాకీ ఎంతో ఆర్‌టీవో ఆఫీసులో అడిగి రాసుకో. రూపాయి ఖర్చుపెట్టకముందే ఈ లెక్క తెలియాలి. తర్వాత ఛాసీ మీద కొట్టిన నంబరు వెతుకు. గ్రీజు, మట్టి గుడ్డతో తుడిచి, పల్చటి కాగితం ఆనించి పెన్సిలుతో రుద్దితే అంకెలు తేలతాయి. ఆ కాగితం దాచుకుని, నంబరున్న చోట టేపు వేసెయ్యి. గ్రైండరు పొరపాటున కూడా అక్కడ తగలకూడదు. తుప్పు గీకుతూ నంబరు చెరిపేసుకున్నవాళ్ళని చూశాను. తర్వాత ఆ బండి ఎవరిదో నిరూపించుకోలేక నానా తిప్పలు పడ్డారు.

మొదటి పని బ్రేకులు. ఇంజిను కాదు. ఇంజిను స్టార్టయితే ఆగలేవు, ఒక రౌండు వేసొద్దామనిపిస్తుంది, ఆ రౌండే ప్రమాదం. ఆరేళ్ళు నిలిచిన బండిలో బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుని ఉంటుంది, లోపల సిలిండర్లు పట్టేసి ఉంటాయి. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్ల రబ్బరు కప్పులు, గొట్టాలు అన్నీ కొత్తవి వెయ్యి. ఇందులో పొదుపు వద్దు. బ్రేకు గొట్టాల్లో ఎయిర్ తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కి అన్నిటికంటే దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టు. డ్రమ్ము ఊడదీస్తే లోపల నల్లటి పొడి ఉంటుంది, దాన్ని నోటితో గానీ గాలి గొట్టంతో గానీ ఊదొద్దు. పాత లైనర్లలో, అంటే డ్రమ్ముకి రాసుకునే బ్రేకు పట్టీల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తుల్లో చేరితే బయటకి రాదు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ సంచిలో కట్టి పారెయ్యి. ఇంకొకటి. జాకీ మీద నిలబడ్డ బండి కిందకి ఎప్పుడూ దూరకు. స్టాండ్లు కొనుక్కో, లేదా గట్టి కర్ర దుంగలు పెట్టు. ఇటుకలు మాత్రం వద్దు, అవి చెప్పకుండా పగులుతాయి.

ఇంజిను గురించి నాకంత భయం లేదు. టాటా మొబైల్ 1988లో వచ్చింది. ఆ 2 లీటర్ల డీజిల్ ఇంజినే తర్వాత 1991లో సియెర్రాకి, ఆ మరుసటేడు ఎస్టేట్‌కి, 1994లో సుమోకి వేశారు. కాబట్టి సామాను దొరకదని టెన్షన్ పడొద్దు. ‘టాటా మొబైల్‌ది’ అంటే షాపులో తల అడ్డంగా ఊపుతారు, ‘పాత సుమోది, రెండు లీటర్లది’ అని అడుగు, లోపలికెళ్ళి వెతుకుతారు.

బ్యాటరీ పెట్టి నేరుగా సెల్ఫ్ కొట్టావంటే మాత్రం చెడగొట్టినట్టే. ముందు హీటర్ ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో రెండు మూడు చెంచాల ఇంజినాయిల్ పోసి రెండు రోజులు ఉంచు. తర్వాత ముందున్న క్రాంక్ పుల్లీ బోల్టుకి పానా వేసి చేత్తో మెల్లగా తిప్పు. రెండు పూర్తి చుట్లు బరువుగానైనా తిరిగితే సంతోషించు. అడ్డుపడితే బలం వాడకు, నాకు ఫోన్ చెయ్యి. ట్యాంకు దించి అడుగున పేరుకున్న మడ్డి అంతా కడుగు. ఫిల్టర్లు, ఆయిలు మార్చి, చేతిపంపు కొడుతూ బుడగలు ఆగేదాకా డీజిల్ లైనులో గాలి తీసెయ్యి. స్టార్టయ్యాక పొగ చూడు. చలి ఇంజినులో కాసేపు తెల్లపొగ వచ్చి పోతే పర్లేదు. నీలంగా వస్తే ఆయిలు కాలుతోందని, నల్లగా వస్తే డీజిల్ ఎక్కువో గాలి తక్కువో అని. డీజిల్ పంపు, నాజిల్స్ మాత్రం ఇంట్లో విప్పొద్దు. అది కాలిబ్రేషన్ మిషను మీద చేయాల్సిన పని.

ఇప్పుడు అసలు సంగతి, తుప్పు. మీ ఫొటోల్లో నేను ఎక్కువసేపు చూసింది అదే. మీ నాన్న ఆ బండిలో గుంటూరు యార్డుకి మిరపకాయల బస్తాలు వేశాడు, దుగ్గిరాలకి పసుపు వేశాడు. అవి వాటంతటవే బండినేమీ చేయవు. చివరి ఐదేళ్ళు నిజాంపట్నం నుంచి రొయ్యల లోడు వేశాడు చూడు, అదీ బండిని తినేసింది. ఐసు కరిగిన ఉప్పునీళ్ళు వెనక సరుకు తొట్టిలోంచి కారి, కింద అడ్డ పట్టీల్లో నిలిచి, అక్కడి నుంచి ఛాసీ మీదకి దిగుతాయి. దానికి తోడు బాపట్ల ఉప్పుగాలి. పైన పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది, కింద ఇనుము పొరలు పొరలుగా అరటి దవ్వలా విడిపోతుంది.

తొట్టిని ఛాసీకి పట్టే బోల్టులకి ముందు రోజు రాత్రి డీజిల్ పోసి నానబెట్టు. అయినా రాకపోతే వేడి చెయ్యాలి, అప్పుడు ట్యాంకు బండి మీద ఉండకూడదు. నలుగురు కుర్రాళ్ళని పిలిచి తొట్టి పైకెత్తి పక్కన పెట్టు. నాకు బాగా తెలుసు, ఆ రేకుకీ అడ్డ పట్టీకీ మధ్య గట్టిగా మేకు పోటు పొడిస్తే పసుపు పొడి, మిరప గింజలు, ఉప్పు కలిసి గట్టిపడిన ఒక పలక ఊడొస్తుంది. అది పీల్చుకున్న తేమే ఇన్నేళ్ళూ రేకుని కొరుక్కు తింది. దాన్నంతా గీకి, ఒత్తిడి నీళ్ళతో కడిగి, రెండు రోజులు ఎండలో ఆరనివ్వు. తర్వాత స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి తీసుకుని అంగుళం అంగుళం తట్టుకుంటూ వెళ్ళు. మంచి ఇనుము ఖణేల్‌మంటుంది. పోయిన ఇనుము మొద్దుగా పలుకుతుంది, స్క్రూడ్రైవరు దిగిపోతుంది. అలాంటిచోట సుద్దముక్కతో గీసుకో. గీతకి అంగుళం అవతల, మంచి ఇనుము దొరికేదాకా కోసెయ్యాలి. తుప్పు మీద లప్పం పూసి నున్నగా చేసేవాడు నీ డబ్బు తీసుకుని తుప్పుని దాచిపెడుతున్నాడు, అంతే. ఒక వానాకాలం తిరిగేసరికి అది ఉబ్బి ఊడిపోతుంది.

కోసినచోట 18 గేజి రేకు అతికించు. వెల్డింగు గీతలా లాక్కుపోకు, రేకు వేడికి వంకరపోతుంది. ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క పెట్టి, చల్లారనిచ్చి మధ్యవి కలుపు. మొదలుపెట్టే ముందు బ్యాటరీ వైర్లు ఊడదియ్యి. ట్యాంకు ఖాళీగా ఉంది కదా అనుకోవద్దు, ఖాళీ ట్యాంకులోని ఆవిరే పేలుతుంది. ఛాసీకి పగులు గానీ చిల్లు గానీ కనబడితే నువ్వు ముట్టుకోవద్దు, ఛాసీ పని తెలిసిన వెల్డరుకే ఇవ్వు. తొట్టి బిగించే ముందు నీళ్ళు పోయే రంధ్రాలన్నీ తెరిచి ఉన్నాయో లేదో చూడు, మూసుకుంటే ఈ కష్టమంతా వృథా.

బండి బరువు మోసే కమాన్ పట్టీలు విప్పి, మధ్యలో గీకి గ్రీజు పెట్టి బిగించు. ఇక మీద లోడు వెయ్యవు కాబట్టి ఒక పట్టీ తీయిస్తే ప్రయాణం మెత్తబడుతుంది. పైన ఉండే పెద్ద పట్టీని మాత్రం కదిలించకు. ఆ పట్టీల్ని యాక్సిల్‌కి పట్టి ఉంచే యు బోల్టులు కొత్తవి వేసి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ బిగించు.

వైరింగు మొత్తం కొత్తది వేయించమంటారు. అవసరం లేదు. ఎలుకలు కొరికిన తీగలు మార్చి, ఎర్తులు గీకి బిగిస్తే సగం జబ్బులు పోతాయి. హెడ్‌లైట్లకి మాత్రం రిలేలు (ఎక్కువ కరెంటుని తామే మోసే చిన్న స్విచ్చిలు) పెట్టు, పాత స్విచ్చి కాలదు, వెలుతురు కూడా పెరుగుతుంది.

రంగు చివర. జనవరిలో, సంక్రాంతి దాటాక వెయ్యి. వానల్లో, ఉక్కలో వేస్తే మెరుపు పోతుంది. పొద్దున్న మంచు ఆరి, పదింటి తర్వాత మొదలుపెట్టాలి. బోసి ఇనుము మీద ఎపాక్సీ ప్రైమర్ వెయ్యి. లప్పం దాని పైనే రావాలి, అదీ రెండు మూడు మిల్లీమీటర్లకి మించకుండా. లప్పం పూసిన బండిని నెలల తరబడి అలా వదలకు, అది నీళ్ళు పీలుస్తుంది. పి.యు. (పాలీయురేథేన్) పెయింటు కొట్టేటప్పుడు మూతికి జేబురుమాలు కట్టుకుంటే చాలనుకోవద్దు. మా లైనులో పెయింటర్లు దగ్గుతో ఎంత బాధపడ్డారో నేను చూశాను. కార్ట్రిడ్జి ఉన్న మాస్కే పెట్టుకో, షెడ్డు తలుపులు తెరిచిపెట్టు, మీ అమ్మని ఆరోజు పెద్దమ్మ ఇంటికి పంపించు.

నువ్వు చూపించిన ఆ ఎత్తు బండ్లు, లావు టైర్ల సంగతి. కోరిక తప్పు కాదు. కానీ ఆ ఇంజిను బలం 70 హార్స్‌పవర్ కూడా లేదు. టైరు వ్యాసం పదో వంతు పెంచితే మీటరు 60 చూపిస్తుంటే బండి 66లో వెళ్తుంది, ఎత్తు రోడ్డు మీద గేరు లాగదు, బ్రేకుకి పని పెరుగుతుంది. ముందు ఇనుప గార్డు బిగించొద్దు, 2017 నుంచి కేంద్రం వాటిని నిషేధించింది. తయారీదారు ఇచ్చినదానికి భిన్నంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. ఇంజిను మార్చాలన్నా ముందు ఆర్‌టీవో అనుమతి కావాలి. రంగు మారిస్తే ఆర్‌సీలో రాయించాలి. ఇవి పోగా నీ ముచ్చటకి బోలెడంత చోటుంది. సీటు కొత్త రెక్సిన్‌తో కుట్టించు, సీటు బెల్టులు వేయించు, తొట్టిలో చెక్క పలకలు పరిపించు, క్యాబిను పైకప్పుకి లోపల వేడి ఆపే షీటు అంటించు. మే నెలలో బాపట్లలో దాని విలువ తెలుస్తుంది.

నల్ల మ్యాటు రంగు వేస్తానన్నావు. బండి నీది, రంగు నీ ఇష్టం. నేనొక్కటే అడుగుతాను. వెనక డాలా (తొట్టి తలుపు) మీద ‘శ్రీ భావనారాయణ స్వామి ప్రసన్నం’ అని మీ నాన్న రాయించుకున్న అక్షరాలున్నాయి. రాసేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. పెయింటరు ‘భా’కి తలకట్టు పెట్టబోతుంటే మీ నాన్న చెయ్యి పట్టుకుని ఆపి, కాగితం మీద రాసి చూపించాడు. ఎమిరీ కాగితం పట్టుకునే ముందు ఆ డాలా మీద బటర్ పేపరు పరిచి, అక్షరాల అంచులు పెన్సిలుతో దించుకో. కొత్త రంగు ఆరాక అదే కాగితంతో అవే అక్షరాలు, అదే చోట, అదే సైజులో రాయించు. నల్లటి మీద పసుపు అక్షరాలు బాగానే ఉంటాయి.

కంప్రెషన్ చూసే గేజి, పుల్లీ బోల్టుకి పట్టే పెద్ద పానా నా దగ్గరున్నాయి, కొనొద్దు. వచ్చే నెల మొదటి ఆదివారం బస్సుకి వస్తాను. ఆలోగా బ్రేకులు పూర్తిచేసి, సిలిండర్లలో ఆయిలు పోసి ఉంచు. ఇంజిను ఇద్దరం కలిసి తిప్పుదాం.

అమ్మని అడిగినట్టు చెప్పు.

ఇట్లు
మామయ్య