కుక్కను తెచ్చుకున్నాం.. ఇంట్లో మనశ్శాంతి పోయింది!

మాది మల్కాజిగిరి. రెండు బెడ్రూముల ఫ్లాట్. మా తొమ్మిదేళ్ల బాబు పోరు పడలేక మావారు మూడు వారాల కిందట షెల్టర్ నుంచి రెండేళ్ల దేశవాళీ కుక్కను దత్తత తెచ్చారు. పేరు లడ్డూ. మంచం కింద నుంచి బయటికి రాదు. హాలంతా తడిపేస్తుంది. మొన్న గిన్నె తీయబోతే మా అత్తగారి మీద గుర్రుమంది. ‘అది ఉంటే నేనుండను, పెద్దాడింటికి పోతా’ అంటున్నారావిడ. మావారు పొద్దున్నే ఆఫీసుకి వెళ్లిపోతారు. చాకిరీ అంతా నాదే. నిజం చెప్పాలంటే దానిమీద నాకు ప్రేమ కలగడం లేదు. నేను చెడ్డదాన్నా?
- ఓ సోదరి, హైదరాబాద్

కాదమ్మా. అడగకుండా నెత్తిన పడ్డ బాధ్యత మీద వెంటనే ప్రేమ పుట్టదు. అలసట తగ్గాక పుట్టొచ్చు. ముందు ఆ అలసట సంగతి చూద్దాం.

మీవారితో ఈ ఆదివారమే కూర్చుని మాట్లాడండి. పొద్దున ఆరింటికి, రాత్రి భోజనాలయ్యాక లడ్డూను కిందికి తీసుకెళ్లడం ఆయన పని. ‘నాకు కుదరదు’ అంటే, కుక్క ఈ ఇంట్లో ఉండాలా వద్దా అన్నది ఆయనే తేల్చుకోవాలి. బాబుకు నీళ్ల గిన్నె, దువ్వెన అప్పగించండి. వీధికుక్కలున్న రోడ్డు మీద తొమ్మిదేళ్ల పిల్లాడి చేతికి ఒంటరిగా తాడు ఇవ్వొద్దు. కుక్కను లిఫ్టు ఎక్కించొద్దని అపార్ట్‌మెంట్ వాళ్లు అంటే, అలా ఆపకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పిన సంగతి మర్యాదగా గుర్తుచేయండి.

ఇక అత్తగారు. ఆవిడ భయాన్నీ, మడినీ తేలిగ్గా తీసేయకండి. పూజగదికీ వంటింటికీ అడ్డంగా చిన్న గేటు పెట్టించండి, ఆ గీత లడ్డూ దాటకూడదు. అది గుర్రుమనడంలో పొగరేమీ లేదు. పది కుక్కల మధ్య పెరిగినదానికి, గిన్నె వదిలితే ఇంకోటి తినేస్తుందన్న భయం ఉంటుంది. ‘దగ్గరికి రావద్దు’ అని చెప్పడానికి దానికున్న మాట అదొక్కటే. అందుకని కొడితే ఈసారి గుర్రుమనకుండానే కరుస్తుంది. తిండి బాల్కనీలో పెట్టి తలుపు దగ్గరగా వేయండి. అది తిని లేచి వెళ్లాకే గిన్నె తీయండి. అత్తగారు వాత్సల్యంతో ప్రసాదం పెట్టబోతే మాత్రం ఆపాలి, చక్కెర పొంగలిలోని కిస్‌మిస్ కుక్కలకు విషం. ఉల్లి, వెల్లుల్లి పడ్డ సాంబారు అన్నమూ వద్దు.

రేబిస్ టీకా వేయించారా, ఎప్పుడు వేయించారు అన్నది షెల్టర్ వాళ్లిచ్చిన కార్డులో చూడండి. మీ మున్సిపల్ కార్పొరేషన్‌లో లైసెన్సు కూడా తీసుకోండి. ఎవరికైనా పన్ను గీసుకున్నా సరే, పదిహేను నిమిషాలు సబ్బుతో ధారగా నీళ్లు పోసి కడిగి, అదే రోజు రేబిస్ టీకా వేసే నారాయణగూడ ఐపీఎంకో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికో వెళ్లాలి. కారం, సున్నం, పసుపు లాంటివి పెట్టకండి.

మంచం కింది నుంచి దాన్ని లాగొద్దు. కొత్త కుక్కకు బెరుకు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లే అనుకోవడానికి మూడు నెలలు పడుతుందని షెల్టర్లు నడిపేవాళ్లు చెబుతారు. కొన్నిటికి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. మధ్యాహ్నం మీరు గోరుచిక్కుళ్లు తుంచుకుంటూ ఆ గదిలో నేలమీద కూర్చోండి. దానివైపు చూడొద్దు, చేయి చాచొద్దు. పక్కన ఉడికిన గుడ్డు ముక్క ఒకటి పెట్టండి. వచ్చి వాసన చూసి మళ్లీ లోపలికి పోతే పోనివ్వండి. మర్నాడు మళ్లీ అలాగే.

హాలు తడపడం త్వరగానే తగ్గుతుంది. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి బయటికి తీసుకెళ్లండి, అక్కడ పోస్తే అప్పటికప్పుడు మెచ్చుకోండి. ఇంట్లో పోసినందుకు కొడితే మీరు చూడకుండా మూల వెతుక్కుంటుంది, అంతే. హఠాత్తుగా ఎక్కువైతే మాత్రం పశువైద్యుడికి చూపించండి.

ఇవన్నీ మూడు నెలలు మనస్ఫూర్తిగా చేశాక కూడా ఇల్లు కుదుటపడకపోతే, తిరిగి ఇవ్వడం పాపం కాదు. తెచ్చిన షెల్టర్‌కే ఇవ్వండి, వీధిలో వదలొద్దు. ఆ సంగతి బాబుకు మీరిద్దరూ కలిసి చెప్పండి. నాయనమ్మ వల్లే పోయిందన్న మాట మాత్రం వాడి చెవిన పడనివ్వకండి.