పేగు మూలకణాలను నడిపించేది పక్క కణాల మాటే, పౌడర్లు కాదు

మీరు రెండు సంగతులు అడిగారు. పేగు లోపలి పొర నాలుగైదు రోజులకే కొత్తదవుతుందంటే అక్కడి మూలకణాలను (కొత్త కణాలను పుట్టించే స్టెమ్ సెల్స్) నడిపించేది ఏమిటి, కీమోలో ఉన్న మీ అమ్మగారికి ఎవరో అమ్ముతున్న స్టెమ్ సెల్ పౌడర్ పెట్టొచ్చా అని. పౌడర్ సంగతి ముందే చెప్తాను, కొనకండి. కారణం మీ మొదటి ప్రశ్నలోనే ఉంది.

నేను కావలిలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. మా నాయనకు పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక పద్నాలుగు రోజులకోసారి కీమో పెట్టించాం. అయిదో రోజుకల్లా నోటి పూత, విరేచనాలు. ఉప్పేసిన గంజి స్టీలు గ్లాసులో పట్టుకుని అరుగు మీద కూర్చుని, సగం తాగి పక్కన పెట్టేసేవాడు. పదకొండు, పన్నెండు రోజులకు తగ్గేది, ఇంకో రెండు రోజులకు మళ్లీ కీమో సెలైన్. ప్రతి విడతా ఇదే వరస. "మళ్లీ పుట్టమని నా పేగులకు ఎవురు చెప్తన్నారమ్మా?" అని ఒకరోజు నన్నే అడిగాడు.

ఆయన చివరి ఆయకట్టు రైతు, అందుకే కాలువ లెక్కలోనే చెప్పాను. పేగు గోడలో సన్నటి గుంటలుంటాయి, క్రిప్ట్‌లంటారు. వాటి అడుగున మూలకణాలుంటాయి. వీటిని ఎల్‌జీఆర్5 అనే ప్రొటీన్ గుర్తుతో 2007లో నెదర్లాండ్స్‌లోని హాన్స్ క్లెవర్స్ బృందం పట్టుకుంది. చిన్నపేగులో వాటి మధ్యనే ప్యానెత్ కణాలు ఇరుక్కుని ఉండి, విభజన చెందుతూ ఉండమని చెప్పే వింట్ అనే సంకేతాన్ని పక్కవాటికి అందిస్తాయి (గోడ కింది కణాలు కూడా ఇస్తాయి, పెద్దపేగులో ప్యానెత్ కణాలు ఉండవు కాబట్టి అక్కడ అవే దిక్కు). కాలువ మొదట్లో నీళ్లు నిండుగా ఉండి చివరికి సన్నగిల్లినట్టు, కణం పైకి జరిగేకొద్దీ వింట్ తగ్గిపోతుంది, ఇక విభజన చాలని చెప్పే బీఎంపీ అనే సంకేతం పెరుగుతుంది. అడుగున ఆ బీఎంపీని నాగిన్ లాంటి ప్రొటీన్లు అడ్డుకుంటాయి. పైకి వచ్చిన కణం ఏ పనిలో కుదరాలో తేల్చేది నాచ్ అనే సంకేతం, అది ఒంటికి ఒళ్లు ఆనుకున్న రెండు కణాల మధ్య మాట. నాచ్‌ను ఆపేస్తే విభజన చెందే కణాలన్నీ జిగురు కార్చే గాబ్లెట్ కణాలైపోతాయని ఎలుకల్లో చూశారు.

నాకు అన్నిటికంటే నచ్చేది ఇంకోటి. మూలకణం పుట్టుకతో గొప్పదేం కాదు, అది ఉన్న చోటే దాన్ని మూలకణంగా నిలబెడుతుంది. అడుగునున్నవి చచ్చిపోతే, అప్పటికే పైకి జరిగిన పిల్లకణాలు కొన్ని కిందికి చేరి వింట్ తగిలి మళ్లీ మూలకణాలవుతాయి. కీమో మందు వేగంగా విభజన చెందే వాటిని కొడుతుంది గనక పేగు పొర దెబ్బతింటుంది, మిగిలినవి ఆ చోటును నింపుకునేదాకా మా నాయన గంజి తాగాడు. ఆయనకు చెప్పిన జవాబు కూడా ఇదే, "పక్కనున్నవే చెప్తాయి నాయనా" అని.

ఇప్పుడు పౌడర్. ఈ సంకేతాలు పక్క కణానికి అందేంత దూరంలోనే పనిచేసే ప్రొటీన్లు, నోట్లో వేసుకున్న పొడి కడుపులో అరిగిపోవడమే తప్ప క్రిప్ట్ అడుక్కి మాట మోసుకుపోదు. ఒకవేళ మోసుకుపోయినా మరీ భయం. మామూలుగా ఏపీసీ అనే జన్యువు తూము దగ్గర తలుపు దించే లస్కర్‌లా వింట్‌ను కట్టేస్తూ ఉంటుంది. పెద్దపేగు క్యాన్సర్లలో చాలావాటిలో మొదట చెడేది ఈ జన్యువే, తలుపు పడక నీళ్లు పారుతూనే ఉంటాయి, కణం ఎవరూ చెప్పకుండానే విభజన చెందుతూ పోతుంది. క్యాన్సర్ ఉన్న మనిషికి "మూలకణాలను పెంచుతాం" అని అమ్మేవాళ్ల మీద నాకు మండేది అందుకే.

అమ్మగారికి విరేచనాలు రోజుకు ఎన్నిసార్లు అవుతున్నాయో, కీమో ఎక్కిన ఎన్నో రోజో క్యాలెండర్‌లో రాసి డాక్టరుకు చూపించండి. మేము అలాగే చూపిస్తే తర్వాతి విడతకు మందు మోతాదు కాస్త తగ్గించారు, ఆ విడత పదో రోజుకే మా నాయన గంజి వద్దని చారన్నం అడిగాడు. జ్వరం వచ్చినా, నీళ్లు కూడా లోపల నిలవకపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే తీసుకెళ్లండి.